ఘన క్యాటలిస్ట్‌తో గడ్డి నుంచి కెమికల్స్: పేపర్లలో 80 శాతం దిగుబడి, నా దగ్గర నల్ల జిగురు

సగంకాలిన_బీకరు:

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీలో చేరి ఎంతో కాలం కాలేదు, బయోమాస్ టాపిక్ చేతికొచ్చింది. గైడ్ గారి మాట ఒక్కటే: ఎండు గడ్డి తీసుకో, ఘన క్యాటలిస్ట్ వెయ్యి, హెచ్‌ఎంఎఫ్ తియ్యి. (హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫ్యూరల్, ప్లాస్టిక్‌ల దాకా దారి తీసే ముడిసరుకు.) సల్ఫ్యూరిక్ యాసిడ్ వద్దు, దాన్ని మళ్లీ న్యూట్రలైజ్ చెయ్యాలి, బోలెడు ఉప్పు మిగులుతుంది, రియాక్టర్ తుప్పు పడుతుంది, ఆ గోలంతా ఎందుకు అన్నారు. ఘన క్యాటలిస్ట్ అయితే వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది.

నాకు అర్థమైన దారి ఇది: గడ్డిలో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ ఉంటాయి. సెల్యులోజ్ గొలుసు నీటితో తెగితే గ్లూకోజ్, గ్లూకోజ్ ఫ్రక్టోజ్‌గా మారాలి, ఫ్రక్టోజ్ నుంచి మూడు నీటి అణువులు పోతే హెచ్‌ఎంఎఫ్.

చేసి చూస్తే కథ వేరేగా ఉంది. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో ఫ్రక్టోజ్ కలిపి, సల్ఫోనిక్ రెజిన్ (ఆమ్ల గ్రూపులు అతికించిన ప్లాస్టిక్) గింజలు వేసి 120 డిగ్రీల్లో పెడితే అద్భుతంగా వస్తోంది. అదే గ్లూకోజ్‌ని నీళ్లలో పెడితే పావు వంతు కూడా రావట్లేదు. ఇక గడ్డి పెడితే చెప్పక్కర్లేదు, ఆటోక్లేవ్ (పీడనం తట్టుకునే రియాక్టర్) మూత తీయగానే మాడిన చక్కెర వాసన, అడుగున తారులాంటి నల్ల జిగురు, తెల్లగా వేసిన జియోలైట్ (అతి సన్న రంధ్రాలున్న ఖనిజం లాంటి క్యాటలిస్ట్) పొడి ముదురు గోధుమరంగులో బయటికి రావడం. అందులో ఏది క్యాటలిస్టో, ఏది మిగిలిన గడ్డో, ఏది జిగురో విడదీయడమే తెలియట్లేదు. పేపర్లలో ఐదుసార్లు వాడినా పనితనం తగ్గలేదని రాస్తారే, వాళ్లు వడకట్టేది ఎలా?

ఇంతకీ నా ప్రశ్నలు: నీళ్లలో ఎందుకు పడిపోతోంది? రెజిన్ వాడాలా, జియోలైట్ వాడాలా? అసలు ఈ దారి పనికొచ్చేదేనా, లేక నేను టాపిక్ మార్చుకోవాలా? టెన్షన్‌గా ఉంది, కాస్త ఓపిగ్గా చెప్పండి.

ఘనామ్లం:

టాపిక్ మార్చుకోవడం తర్వాత సంగతి తమ్ముడూ, ముందు నీ మంచి రిజల్ట్‌నే అనుమానించు. చెడ్డ రిజల్ట్‌ని అందరూ అనుమానిస్తారు, మంచిది వస్తే ఎవరూ అడగరు.

డీఎంఎస్‌ఓలో ఫ్రక్టోజ్ అన్నావు కదా. ఆ రెజిన్ వేయకుండా, మిగతావన్నీ అలాగే ఉంచి ఒకసారి నడుపు. 120 పైన డీఎంఎస్‌ఓలో ఫ్రక్టోజ్ తనంతట తానే హెచ్‌ఎంఎఫ్‌గా మారుతుంది, టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది అంతే. కాబట్టి నీకు వచ్చిన దాంట్లో రెజిన్ వాటా ఎంతో ఆ ఖాళీ రన్ లేకుండా చెప్పలేవు. పైగా డీఎంఎస్‌ఓ 189 డిగ్రీల్లో మరుగుతుంది, అందులోంచి హెచ్‌ఎంఎఫ్‌ని విడిగా తీయాలని చూస్తే ఆ వేడికే సగం పాడవుతుంది. పేపర్‌లో హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలో ఏది ఎంతుందో కొలిచే పరికరం) చూపించిన యీల్డ్ (దిగుబడి) వేరు, సీసాలో పోసి ఇవ్వగలిగిన యీల్డ్ వేరు.

ఇక అసలు విషయం. ఘన ఆమ్లం అని పేరు పెట్టుకున్నవాటిలో చాలావాటిని సరిగ్గా పరీక్షిస్తే పని చేస్తున్నది ఘనం కాదు, దాంట్లోంచి ద్రవంలోకి జారిపోయిన ఆమ్లం. దీన్ని పట్టుకోవడానికి వేడి మీదే వడకట్టే పరీక్ష ఒకటి ఉంది: రియాక్షన్ సగంలో ఉండగా, చల్లారనివ్వకుండా క్యాటలిస్ట్‌ని తీసేసి, మిగిలిన ద్రవాన్ని అదే ఉష్ణోగ్రతలో కొనసాగించాలి. రియాక్షన్ ఆగితే ఘనమే పని చేస్తోందని నమ్మొచ్చు. ఆగకుండా సాగితే, పని ద్రవంలో జరుగుతోంది (ఖాళీ రన్‌లో వచ్చేదాన్ని తీసేసి చూడు). చల్లార్చి వడకడితే మాత్రం మోసపోతావు, కరిగినవి కొన్ని చల్లారేటప్పుడు మళ్లీ క్యాటలిస్ట్ మీదికే చేరతాయి. ఆటోక్లేవ్‌లో వేడి మీద వడకట్టడం కుదరకపోతే ఇంకో దారి: చక్కెర లేకుండా క్యాటలిస్ట్‌ని ఒక్క ద్రావకంలోనే అదే వేడిలో అంతే సేపు ఉంచి, తీసేసి, ఆ ద్రావకంలో చక్కెర వేసి నడుపు.

గడ్డితో చేసేటప్పుడు ఇంకో తంటా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గడ్డిలో బూడిద ఉంటుంది, అంటే పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం. నీ సల్ఫోనిక్ రెజిన్ అంటే ఏమిటి? నీళ్లు శుద్ధి చేసే అయాన్ ఎక్స్‌ఛేంజ్ రెజిన్ కుటుంబానిదే. అది దాని సహజ గుణం ప్రకారం పొటాషియంని పట్టుకుని తన హైడ్రోజన్ అయాన్‌ని నీళ్లలోకి వదిలేస్తుంది. అంటే నువ్వు సల్ఫ్యూరిక్ యాసిడ్ పోయకపోయినా గిన్నెలో ద్రవ ఆమ్లం తయారైంది, రియాక్షన్ అదే నడిపింది. మొదటి రన్ బాగా వస్తుంది, రెండో రన్‌కి రెజిన్ దగ్గర వదలడానికి హైడ్రోజన్ అయాన్లు మిగలవు, క్యాటలిస్ట్ చచ్చిపోయిందంటాం. నిజానికి అది తన ఆమ్లాన్ని మొదటి రన్‌లోనే ఇచ్చేసింది. రన్ అయ్యాక ద్రవం పీహెచ్ కొలువు, వాడిన రెజిన్‌ని ఉప్పునీళ్లలో వేసి ఎంత ఆమ్లం మిగిలిందో టైట్రేషన్ చెయ్యి, ఈ రెండూ మధ్యాహ్నం లోపు అయ్యే పనులు. ఒక్కటే జాగ్రత్త, హెచ్‌ఎంఎఫ్ విరిగి పుట్టే ఫార్మిక్, లెవులినిక్ ఆమ్లాలు కూడా పీహెచ్‌ని దించుతాయి, ఆ వాటా హెచ్‌పీఎల్‌సీలో చూసి లెక్కలోంచి తీసెయ్యి.

ఐదుసార్లు వాడినా తగ్గలేదనే గ్రాఫ్ గురించి కూడా చెప్తాను. కన్వర్షన్ (ముడిసరుకులో మారిపోయిన వాటా) 100 శాతం దగ్గర రీసైకిల్ చేసి చూపిస్తే దానికి అర్థం లేదు. క్యాటలిస్ట్ సగం చచ్చినా, కావలసినదానికన్నా రెండింతలు వేసి ఉంటే, లేదా టైమ్ ఎక్కువ ఇస్తే, కన్వర్షన్ పూర్తిగానే కనిపిస్తుంది. 30, 40 శాతం కన్వర్షన్ దగ్గర ఆపి పోల్చు, నిజం అప్పుడు బయటపడుతుంది.

వేడినీళ్లలో_జియోలైట్:

పైన చెప్పినవన్నీ సరే. "నీళ్లలో ఎందుకు పడిపోతోంది" అన్నదానికి నేను చెప్తాను.

గ్లూకోజ్ నుంచి ఫ్రక్టోజ్‌కి మారడం ఒక రకం పని, ఫ్రక్టోజ్ నుంచి నీళ్లు తీయడం ఇంకో రకం పని. మొదటిదానికి లూయిస్ ఆమ్లం (ఎలక్ట్రాన్ జంటను తీసుకునే లోహ స్థానం) కావాలి, రెండోదానికి బ్రాన్‌స్టెడ్ ఆమ్లం (హైడ్రోజన్ అయాన్ ఇచ్చేది) కావాలి. నీ సల్ఫోనిక్ రెజిన్‌లో రెండోదే ఉంది. అందుకే ఫ్రక్టోజ్ ఇస్తే పని చేసింది, గ్లూకోజ్ ఇస్తే చేతులెత్తేసింది. ఇక్కడే టిన్-బీటా జియోలైట్ పేరు తెచ్చుకుంది. 2010లో మార్క్ డేవిస్ బృందం చూపించినదాని ప్రకారం, 10 శాతం గ్లూకోజ్ ఉన్న నీళ్లలో, 110 డిగ్రీల్లో, టిన్-బీటాతో చివరికి గ్లూకోజ్ 46, ఫ్రక్టోజ్ 31, మానోజ్ 9 శాతం వస్తాయి. మామూలుగా లూయిస్ ఆమ్లాలు నీళ్లు తగలగానే మొద్దుబారిపోతాయి. ఇక్కడ టిన్ అణువులు విడివిడిగా, నీటిని ఇష్టపడని సిలికా చట్రం లోపల కూర్చుని ఉండటంతో నీళ్లలోనూ పని చేస్తాయి. అదే ఏడాది డెన్మార్క్ వాళ్లు అదే టిన్-బీటాతో, మిథనాల్‌లో, 160 డిగ్రీల్లో మామూలు చక్కెరని మిథైల్ లాక్టేట్‌గా మార్చి 68 శాతం దాకా తెచ్చారు. ద్రావకం, వేడి మార్చితే అదే పొడి వేరే పని చేస్తుందని గుర్తుపెట్టుకో.

నీళ్లు రెండు రకాలుగా దెబ్బ కొడతాయి. ఒకటి, నీళ్లలో హెచ్‌ఎంఎఫ్ నిలవదు, మళ్లీ నీళ్లు పట్టి లెవులినిక్ ఆమ్లంగా, ఫార్మిక్ ఆమ్లంగా విరిగిపోతుంది, లేదా తనలో తాను, చక్కెరలతోనూ అతుక్కుని హ్యూమిన్స్ అవుతుంది, నీ నల్ల జిగురులో చాలా భాగం అదే. రెండు, వేడి నీళ్లు క్యాటలిస్ట్‌నే తినేస్తాయి. ఆవిరిలో ఎంతో గట్టిగా నిలిచే జియోలైట్‌లు కూడా ద్రవరూపంలో ఉన్న వేడి నీళ్లలో నిలవకపోవచ్చు. సిలికాన్ ఎక్కువున్న వై జియోలైట్ 150, 200 డిగ్రీల నీళ్లలో గంటల వ్యవధిలో స్ఫటిక నిర్మాణం పోగొట్టుకుంటుంది, అదే పరిస్థితిలో జెడ్‌ఎస్‌ఎం-5 చెక్కుచెదరదు. గామా అల్యూమినా అయితే 200 డిగ్రీల నీళ్లలో బోమైట్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది, ఉపరితల వైశాల్యం పడిపోతుంది, దాని మీద కూర్చోబెట్టిన ప్లాటినం కణాలు చెదిరిపోతాయి. అందుకే ఈ రంగంలో యాక్టివేటెడ్ కార్బన్, టైటానియా, జిర్కోనియా, నియోబియం ఆక్సైడ్ లాంటివి సపోర్ట్‌గా ఎక్కువ కనిపిస్తాయి.

జెడ్‌ఎస్‌ఎం-5 గట్టిదే కదా, అదే వాడేద్దాం అనుకోకు. దాని రంధ్రం 0.55 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, గ్లూకోజ్ అందులోకి తేలిగ్గా దూరదు. సెల్యులోజ్ గురించి చెప్పనే అక్కర్లేదు, అది కరగనే కరగదు, ఒక రాయి ఇంకో రాయిలోకి దూరుతుందా? పెద్ద గొలుసు ముందు బయట తెగాలి. తెగేది ఎక్కువగా ద్రవంలోని ఆమ్లంతో, లేదా వేడి నీళ్లతోనే. 200 డిగ్రీల నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు గది ఉష్ణోగ్రతలో కన్నా సుమారు 20 రెట్లు ఎక్కువుంటాయి, దానికి తోడు హెమిసెల్యులోజ్ నుంచి ఎసిటిక్ ఆమ్లం ఊడి వస్తుంది. కాబట్టి గడ్డికి కూడా క్యాటలిస్ట్ లేని ఖాళీ రన్ తప్పనిసరి.

రెజినా, జియోలైటా అని అడిగావు, నా ఓటు తిరిగి కాల్చగలిగినదానికి. జియోలైట్ మీద జిగురు పేరుకుంటే గాలిలో 500, 550 డిగ్రీల్లో కాల్చేస్తే మళ్లీ తెల్లబడుతుంది. రెజిన్‌ని కాల్చలేవు, మామూలు సల్ఫోనిక్ రెజిన్ 120 దాటితేనే దాని సల్ఫోనిక్ గ్రూపులు ఊడటం మొదలవుతుంది. సల్ఫోనేటెడ్ కార్బన్‌దీ అదే బాధ. జిగురు తప్పని రియాక్షన్‌కి కాల్చడానికి వీల్లేని క్యాటలిస్ట్‌ని ఎంచుకోవడం ఎందుకు?

ప్లాంటు_పక్కోడు:

మీరంతా క్యాటలిస్ట్ గురించే మాట్లాడుతున్నారు, ఏం తీస్తున్నామో ఎవరూ అడగట్లేదు. నేను ప్లాంటులో పని చేసేవాణ్ణి, నాకు ముందు కాటా లెక్క కావాలి.

గ్లూకోజ్ బరువులో 53 శాతం ఆక్సిజన్. పెట్రోలియం కెమికల్స్‌లో అలా ఉండదు. దాన్ని పారేసుకుంటూ పోతే బరువు కూడా పోతుంది. 100 కిలోల గ్లూకోజ్ నుంచి, ఒక్క అణువు కూడా వృథా కాకపోయినా, ఇథనాల్ మీదుగా ఇథిలీన్ చేస్తే వచ్చేది 31 కిలోలు. లెవులినిక్ ఆమ్లం అయితే 64. హెచ్‌ఎంఎఫ్ 70. లాక్టిక్ ఆమ్లం 100. సార్బిటాల్ 101. ఇథిలీన్ గ్లైకాల్ 103, ఎందుకంటే హైడ్రోజన్ కలుస్తుంది. మొక్క కష్టపడి పెట్టుకున్న ఆక్సిజన్‌ని ఉంచే సరుకు చేస్తే లాభం, దాన్ని నీళ్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా పారేసే సరుకు చేస్తే మొదటి నుంచే నష్టంలో ఉన్నట్టు. (ఇథిలీన్ అసలు చెయ్యొద్దని కాదు. బ్రెజిల్‌లోని ట్రియున్‌ఫోలో బ్రాస్కెమ్ 2010 నుంచి చెరకు ఇథనాల్‌తో ఏడాదికి 2 లక్షల టన్నులు, ఆపైన స్థాయిలో చేస్తోంది, అదీ ఘన క్యాటలిస్ట్ మీదే. కానీ అక్కడ ఇథనాల్ శుభ్రంగా, ఆవిరిగా వస్తుంది, బూడిద లేదు, జిగురు లేదు. గడ్డితో పోల్చకూడదు.)

ఈ లెక్క చూస్తే ఇథిలీన్ గ్లైకాల్ ఎందుకు అంత చర్చ అయిందో తెలుస్తుంది. 2006లో జపాన్‌లో ఫుకుఓకా, ధేపే కలిసి ప్లాటినం-అల్యూమినాతో సెల్యులోజ్‌ని నేరుగా సార్బిటాల్, మానిటాల్‌గా మార్చారు, 190 డిగ్రీలు, 24 గంటలు, రెండూ కలిపి 31 శాతం. 2008లో చైనాలోని డాలియన్‌లో ఝాంగ్ టావో బృందం నికెల్-టంగ్‌స్టన్ కార్బైడ్‌ని కార్బన్ మీద పెట్టి, 245 డిగ్రీల్లో, 60 అట్మాస్ఫియర్ల దగ్గర హైడ్రోజన్‌తో, అరగంటలో 61 శాతం ఇథిలీన్ గ్లైకాల్ తెచ్చింది. టంగ్‌స్టన్ చక్కెర గొలుసుని మధ్యలో తెంచుతుంది, ఆ ముక్క (గ్లైకాలాల్డిహైడ్) జిగురుగా మారేలోపు నికెల్ దానికి హైడ్రోజన్ ఎక్కించేస్తుంది. గమనించాల్సింది అదే: తొందరగా పాడయ్యే ముక్కని నిలవ ఉండనివ్వకుండా వెంటనే గట్టి సరుకుగా మార్చేయడం. మీ హెచ్‌ఎంఎఫ్‌లో ఆ సదుపాయం లేదు, పాడయ్యేదే మీ ప్రోడక్ట్.

అందుకే అవాంటియం వాళ్లు ఫ్రక్టోజ్‌ని మిథనాల్‌లో నడిపి, హెచ్‌ఎంఎఫ్ కాకుండా దాని మెథాక్సీ రూపం తీస్తారు. చివర ఉన్న హైడ్రాక్సిల్‌ని మిథనాల్ మూసేస్తుంది కాబట్టి కాస్త ఆగుతుంది, దాన్ని ఆక్సీకరణ చేసి ఫ్యూరాన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లం, దాంతో పీఈఎఫ్ ప్లాస్టిక్. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్‌జైల్‌లో ఏడాదికి 5 వేల టన్నుల ప్లాంటు. అక్కడ కూడా మొదలు గడ్డితో కాదు, చక్కెరతో.

ఇంకోటి. పేపర్లలో చక్కెర 1, 2 శాతం వేసి చేస్తారు. మిగతా 98 శాతం నీళ్లు. ఆ నీళ్లన్నీ వేడి చెయ్యాలి, తర్వాత ప్రోడక్ట్‌ని వాటిలోంచి తీయాలి, ఆవిరి ఖర్చుకే ప్లాంటు మూసుకోవాలి. గాఢత పెంచితే హ్యూమిన్స్ పెరుగుతాయి. మీ థీసిస్‌లో కనీసం ఒక్క గ్రాఫ్ గాఢత పెంచుతూ పోయినప్పుడు ఏమైందో చూపిస్తే నాలాంటివాడు చదువుతాడు.

సగంకాలిన_బీకరు:

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఖాళీ రన్ పెట్టాను. ఘనామ్లం గారు చెప్పినట్టే డీఎంఎస్‌ఓ ఒక్కదాంతోనే చాలా వరకు వస్తోంది :( గైడ్ గారికి ఇంకా చూపించలేదు.

ప్లాంటు అన్నా, మరి రెండు ద్రవాల పద్ధతి సంగతేంటి? అడుగున నీళ్లు, పైన ఎంఐబీకే లాంటి ద్రావకం ఉంటే, హెచ్‌ఎంఎఫ్ పుట్టిన వెంటనే పైకి వెళ్లిపోతుంది కదా. నీళ్లలో ఉప్పు వేస్తే ఇంకా బాగా పైకి తోస్తుందని చదివాను. డ్యుమెసిక్ గ్రూపు 2006లో రెండు ద్రవాల పద్ధతితోనే మంచి సెలెక్టివిటీ (మారిన చక్కెరలో హెచ్‌ఎంఎఫ్ అయిన వాటా) తెచ్చింది. దాన్ని నా రెజిన్‌తో చేస్తే?

ఇంకో సందేహం. గడ్డిలో లిగ్నిన్‌ని ఏం చెయ్యాలి? అది అడుగున పడి ఉంటే చాలా?

ఘనామ్లం:

ఉప్పు వేస్తానంటున్నావు, వేసేముందు నా మొదటి జవాబు మళ్లీ చదువు. సోడియం క్లోరైడ్ నీళ్లలో సల్ఫోనిక్ రెజిన్ వేస్తే ఏమవుతుంది? సోడియం రెజిన్ మీదికి, హైడ్రోజన్ అయాన్ నీళ్లలోకి. నువ్వే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారు చేసినట్టు. రిజల్ట్ బ్రహ్మాండంగా వస్తుంది, ఘన క్యాటలిస్ట్ అని పేపర్ కూడా రాస్తావు, రివ్యూయర్‌కి అయాన్ ఎక్స్‌ఛేంజ్ తెలిస్తే అక్కడితో సరి. వాళ్లు 2006లో ద్రవ ఆమ్లాలతోనూ చేశారు, దాన్ని దాచలేదు కూడా. రెండు ద్రవాల పద్ధతి మంచిదే, ఉప్పు అక్కర్లేని ద్రావకం చూసుకో.

పని ద్రవంలో జరిగితే అది పాపం అని నా ఉద్దేశం కాదు సుమా. ప్లాంటు గారు చెప్పిన ఆ టంగ్‌స్టన్ కథనే తీసుకో. అదే డాలియన్ గ్రూపు తర్వాత టంగ్‌స్టిక్ ఆమ్లాన్ని రుథేనియం-కార్బన్‌తో కలిపి వాడింది. వేడెక్కాక హైడ్రోజన్ సమక్షంలో అది నీళ్లలోకి దిగి చక్కెరని తెంచుతుంది, చల్లారాక మళ్లీ ఘనంగా అవక్షేపిస్తుంది, వడకట్టుకుని మళ్లీ వాడొచ్చు. పని ద్రవంలో, రికవరీ ఘనంలో. వాళ్లు అది ఎలా జరుగుతుందో తేల్చి, చెప్పి వాడుతున్నారు. ఏం జరుగుతోందో తెలియకుండా ఘనం అని పేరు పెట్టడంతోనే నాకు పేచీ.

లిగ్నిన్_బాధితురాలు:

లిగ్నిన్ అడుగున పడి ఉంటే చాలా అని అడిగారా... ఆ ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

ఆమ్లంలో వేడి చేశాక అడుగున మిగిలిన లిగ్నిన్‌ని చాలామంది కాల్చి ఆవిరికి వాడతారు, అంతకన్నా పెద్దగా పనికిరాదు. లిగ్నిన్‌లో సులువుగా తెగే ఈథర్ బంధాలు (బీటా-ఓ-4 అంటారు) ఉంటాయి. ఆమ్లంలో అవి తెగుతాయి, తెగిన చివరలు క్షణాల్లో ఒకదాన్నొకటి పట్టుకుని కార్బన్-కార్బన్ బంధాలుగా బిగుసుకుపోతాయి. ఆ తర్వాత ఏ క్యాటలిస్ట్ తెచ్చినా వాటిని విడదీయడం మహా కష్టం. మీ గైడ్ గారి పద్ధతిలో లిగ్నిన్ అనేది చివర్లో చూసుకునే చెత్త. మా పద్ధతిలో ముందు దాని పనే చూస్తాం.

చెక్క పొడిని మిథనాల్‌లో వేసి, రుథేనియం-కార్బన్ లేదా నికెల్ క్యాటలిస్ట్, హైడ్రోజన్ ఇచ్చి 200, 250 డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంచుతాం. వేడి మిథనాల్ లిగ్నిన్‌ని చెక్కలోంచి లాగుతుంది, బంధాలు తెగుతాయి, అవి మళ్లీ అతుక్కునేలోపు క్యాటలిస్ట్ ఆ చివరలకి హైడ్రోజన్ ఎక్కించి నోరు మూయిస్తుంది. చివరికి ప్రొపైల్ గ్వాయకాల్, ప్రొపైల్ సిరింగాల్ లాంటి చిన్న ఫినాల్స్ నూనెలా వస్తాయి, సెల్యులోజ్ చాలా వరకు గుజ్జుగా మిగులుతుంది. బర్చ్ లాంటి గట్టి చెక్కతో లిగ్నిన్‌లో దాదాపు సగం చిన్న అణువులుగా వస్తుంది, పైన్ లాంటి మెత్తటి చెక్కతో చాలా తక్కువ. ఎందుకంటే ఒక చిన్న అణువు బయటికి రావాలంటే దానికి రెండు వైపులా తెగే బంధం ఉండాలి, పైన్ జాతి లిగ్నిన్‌లో అలాంటివి తక్కువ. 2020లో బెల్జియంలోని లూవెన్ బృందం ఈ నూనెని ఇంకా ముందుకు నడిపి ఫినాల్, ప్రొపిలీన్ దాకా తెచ్చి, గుజ్జునీ లెక్కలో కలుపుకుని, బర్చ్ బరువులో 78 శాతాన్ని పనికొచ్చే సరుకుగా చూపించింది.

మీరడిగిన వడకట్టడం తంటా మాకూ ఉంది. క్యాటలిస్ట్ పొడి గుజ్జులో కలిసిపోతే విడదీయలేం. అందుకే క్యాటలిస్ట్‌ని గుళికలుగా చేసి సన్న జాలీ బుట్టలో పెట్టి రియాక్టర్‌లో వేలాడదీస్తాం, కరిగిన లిగ్నిన్ బుట్టలోకి వస్తుంది, చెక్క రాదు. బుట్ట జాలీ రంధ్రాలు చెక్క పొడి కన్నా సన్నగా ఉండాలి, గుళికలు కలియబెట్టేటప్పుడు అరిగి పొడి కాకుండా గట్టిగా ఉండాలి, ఈ రెండూ చూసుకుంటే చాలు. బుట్ట పైకి తీసి, మిథనాల్‌తో కడిగి, తర్వాతి రన్‌కి మళ్లీ దించేస్తాం. మీ గడ్డికి కూడా ఇదే చేయొచ్చు.

గడ్డి గురించి ఒక హెచ్చరిక: చెక్కతో పోలిస్తే గడ్డిలో బూడిద, సిలికా చాలా ఎక్కువ. ముందు పలచటి ఆమ్లంతోనో, కనీసం వేడి నీళ్లతోనో కడిగి ఎండబెట్టండి. పొటాషియం చాలా వరకు అక్కడే పోతుంది, సిలికా పోదు.

ప్లాంటు_పక్కోడు:

లిగ్నిన్ గారు చెప్పింది బాగుంది కానీ మిథనాల్‌ని ఆ వేడిలో పెడితే ప్రెషర్ ఎంతుంటుందో కూడా చెప్పండి. మిథనాల్ సొంత ఆవిరి పీడనమే 200 డిగ్రీల దగ్గర 40 బార్ వరకు వెళ్తుంది, దాని మీద హైడ్రోజన్. పెద్ద రియాక్టర్‌కి ఆ మందం స్టీలు అంటే మాటలు కాదు. పోసిన మిథనాల్‌లో ఎంత తిరిగి వస్తుందో కూడా లెక్కలో ఉండాలి.

లిగ్నిన్_బాధితురాలు:

నిజమే, కాదనను. అందుకే ఎక్కువ మరిగే ద్రావకాలతో, ఇథిలీన్ గ్లైకాల్‌తో కూడా చేసి చూస్తున్నారు, ప్రెషర్ తగ్గుతుంది, కానీ ఫినాల్స్‌ని అందులోంచి విడదీయడం కష్టమవుతుంది. హైడ్రోజన్ బయటి నుంచి ఇవ్వకుండా ద్రావకం నుంచే, లేదా హెమిసెల్యులోజ్ నుంచే తీసుకునే పద్ధతులూ ఉన్నాయి. ఒకచోట తగ్గిస్తే ఇంకోచోట కట్టాల్సిందే. మీరు చెప్పిన ఫర్ఫ్యూరల్ పరిశ్రమ ఎలా నిలిచింది మరి?

ప్లాంటు_పక్కోడు:

నేను చెప్పలేదు, చెప్పాల్సింది, మీరే గుర్తుచేశారు. ఫర్ఫ్యూరల్ 1920ల మొదట్లో అమెరికాలో క్వేకర్ ఓట్స్ వాళ్లు ఓట్స్ పొట్టుతో మొదలుపెట్టారు, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తోనే. ఇవాళ్టికీ మొక్కజొన్న కంకుల బెండ్లతో చైనాలో జోరుగా నడుస్తోంది. అది బతకడానికి కారణం క్యాటలిస్ట్ గొప్పతనం కాదు, ఫర్ఫ్యూరల్ పుట్టిన వెంటనే నీటి ఆవిరితో పాటు పైకి లేచి బయటికి వచ్చేస్తుంది. పాడవడానికి టైమ్ దొరకదు. హెచ్‌ఎంఎఫ్ అలా ఆవిరితో లేవదు. అంత చిన్న తేడాతో ఒకటి నూరేళ్లుగా పరిశ్రమ, ఇంకోటి ఇంకా ల్యాబ్ నుంచి బయటపడే ప్రయత్నంలో ఉంది.

తమ్ముడూ, మీ గైడ్ ఒప్పుకుంటే గడ్డిలోని హెమిసెల్యులోజ్ భాగం నుంచి ఫర్ఫ్యూరల్‌ని ఘన క్యాటలిస్ట్‌తో తీసి చూడండి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని అక్కడ నిజంగా తీసేయగలిగితే అడిగేవాళ్లున్నారు.

వేడినీళ్లలో_జియోలైట్:

ఇది మంచి సలహా. జైలోజ్ చిన్నది, బీటా జియోలైట్ రంధ్రాల్లో (0.67 నానోమీటర్ల దగ్గర) ఇబ్బంది లేదు. సైద్ధాంతికంగా 100 కిలోల జైలోజ్‌కి 64 కిలోల ఫర్ఫ్యూరల్. గడ్డిని ముందు వేడి నీళ్లతో ఉడికిస్తే హెమిసెల్యులోజ్ చాలా వరకు ద్రవంలోకి వచ్చేస్తుంది. ఆ ద్రవాన్ని వడకట్టి, పొటాషియం అయాన్లు తీసేసి, అప్పుడు ఘన క్యాటలిస్ట్ ఉన్న గొట్టం గుండా పంపు. ఘనం మీద ఘనం పడే గొడవే ఉండదు, క్యాటలిస్ట్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, గంట గంటకీ శాంపిల్ తీస్తే క్యాటలిస్ట్ చస్తోందా లేదా గ్రాఫ్‌లో నేరుగా కనిపిస్తుంది. బ్యాచ్‌లో ఐదుసార్లు వాడి చూపించే దానికన్నా గొట్టంలో వంద గంటల రన్ ఒక్కటి వందరెట్లు నయం.

సగంకాలిన_బీకరు:

ఇది నాకు పట్టుబడేలా ఉంది. ల్యాబ్‌లో పాత ఫిక్స్‌డ్ బెడ్ గొట్టం ఒకటి ఉంది, పంపు పని చేస్తుందో లేదో చూడాలి. ఒక చిన్న సందేహం: ఉడికించిన ద్రవంలో పొటాషియం తీయడానికి నా దగ్గర మిగిలిన సల్ఫోనిక్ రెజిన్‌నే వాడొచ్చా?

ఘనామ్లం:

వాడు. అది పుట్టిందే ఆ పనికి. కానీ బయటికొచ్చే ద్రవం పీహెచ్ తగ్గుతుంది, గొట్టంలోకి పంపేముందు కొలిచి రాసిపెట్టుకో. అదే పీహెచ్‌తో, గొట్టంలో క్యాటలిస్ట్ బదులు గాజు గుళికలు పోసి ఒక ఖాళీ రన్ కూడా పెట్టు, ఆ గ్రాఫ్ లేకుండా గైడ్ దగ్గరికి వెళ్లకు.